బటన్ నొక్కాక ఏం జరుగుతోంది?

రాయదుర్గంలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగితే సికింద్రాబాద్ పార్క్‌లేన్ నడిచి వెళ్లేంత దూరమే. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని పూర్తి పేరు చెబితే ఆటో డ్రైవర్ ఓ క్షణం ఆలోచిస్తాడేమో గానీ, సీటీసీ అంటే చాలు. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో పగలంతా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు సొంతానికో కంప్యూటర్ కట్టించుకోవాలనుకుంటే ఇప్పటికీ ఈ వరండాల్లోకే వస్తారు. ప్రాసెసర్ ఒక షాపులో, మదర్‌బోర్డు ఎదురు షాపులో, నాలుగు చోట్ల కొటేషన్లు, చివరికి ఒక దగ్గర బేరం. ఆన్‌లైన్ అమ్మకాలు ఎంత పెరిగినా, కళ్లెదుట స్క్రూలు బిగించి ఇస్తే ఉండే ధీమా వేరు.

ఆ ధీమా ఇంటికి చేరాక కాస్త సడలుతుంది. మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో అపార్ట్‌మెంట్‌లో బల్ల మీద పెట్టి బటన్ నొక్కుతారు. ఫ్యాన్లు తిరుగుతాయి, రంగురంగుల లైట్లు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. పది సెకన్లు, ముప్ఫై సెకన్లు, నిమిషం. లక్షన్నర పోసిన యంత్రం ఆఫీసువాళ్లిచ్చిన పాత ల్యాప్‌టాప్ కన్నా ఆలస్యంగా లేస్తుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. షాపుకు ఫోన్ చేస్తే వచ్చే సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్.’

ఫార్మాట్ కొట్టడం మన దగ్గర సర్వరోగ నివారిణి. అయితే పైన చెప్పిన జబ్బుకు అది పనిచేయదు. తెర నల్లగా ఉన్న ఆ సేపట్లో విండోస్ ఇంకా రంగంలోకే దిగలేదు. హార్డ్ డిస్కులోనో ఎస్‌ఎస్‌డీలోనో ఉన్న దేన్ని తుడిచేసినా ఆ ఆలస్యం ఒక్క సెకను కూడా తగ్గదు.

కాగితం మీద 400 సెకన్లు

2022 సెప్టెంబరు 27న ఏఎండీ సంస్థ రైజెన్ 7000 ప్రాసెసర్లను మార్కెట్లోకి తెచ్చింది. వాటితోపాటే ఏఎం5 అనే కొత్త సాకెట్ వచ్చింది. అందులో పాత డీడీఆర్4 ర్యామ్ పట్టదు, డీడీఆర్5 మాత్రమే వాడాలి. ఆ రోజుల్లో ఏఎస్‌రాక్ కంపెనీ బోర్డుల మీద ర్యామ్ పెట్టే చోట ఒక కాగితం అంటించి ఉండేది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఎంతసేపు ఓపిక పట్టాలో దాని మీద పట్టిక వేసి మరీ చెప్పారు. 16 జీబీ ర్యాములు రెండు పెడితే దాదాపు 100 సెకన్లు. 32 జీబీవి నాలుగు పెడితే 400 సెకన్లు, అంటే ఆరున్నర నిమిషాలు దాటిన మాట. బోర్డు చెడిపోయిందనుకుని జనం వెనక్కి పంపేస్తారన్న భయంతోనే ఆ హెచ్చరిక.

ఆ భయానికి కారణం లేకపోలేదు. నల్ల తెర చూసి కంగారుపడి మధ్యలో పవర్ ఆపేస్తే, అంతదాకా జరిగిన పని గంగపాలు. మళ్లీ ఆన్ చేస్తే మొదటి నుంచి మొదలు. ఓపిక లేనివాడు ఇలా రెండు మూడుసార్లు చేసేసరికి బోర్డు మీద అనుమానం కాస్తా నిర్ధారణ అయిపోతుంది.

ఇంతకూ ఆ సేపట్లో జరిగేదేమిటి? దాన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. డీడీఆర్5-6000 రకం ర్యామ్‌లో ఒక్కో తీగ మీద సెకనుకు 600 కోట్ల సంకేతాలు పోతాయి. ఒక్కో సంకేతానికి దక్కేది నానోసెకనులో ఆరో వంతు. ఆ వ్యవధిలో కాంతే అయిదు సెంటీమీటర్లు దాటదు. సర్క్యూట్ బోర్డు మీది సంకేతం అందులో సగం దూరమే పోతుంది. ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య ఉన్న పదుల కొద్దీ తీగల్లో ఏ ఒక్కటి రెండు మిల్లీమీటర్లు పొడుగున్నా ఆ తేడా లెక్కలోకి వస్తుంది. అందుకని ప్రాసెసర్ ఒక్కో తీగ మీదా తెలిసిన అంకెలు పంపి, తిరిగి చదివి, ఎక్కడ తప్పు వస్తోందో చూసి, వోల్టేజీనీ ఆలస్యాన్నీ కొద్దికొద్దిగా జరుపుతూ సరైన బిందువు వెతుక్కుంటుంది. కచేరీకి ముందు మృదంగ విద్వాంసుడు వార్ల మీద దెబ్బ వేసి, విని, మళ్లీ వేసి శ్రుతి కలుపుకోవడం లాంటిదే. కాకపోతే ఇక్కడ శ్రోతకు ఆ చప్పుడు కూడా వినిపించదు. అదే చిక్కు.

మొదటిసారి ఆగమంటే ఎవరైనా ఆగుతారు. రోజూ ఆగమంటేనే గొడవ. ఏఎం5 తొలి నెలల్లో చాలా బోర్డులు ఆన్ చేసిన ప్రతిసారీ ఈ తతంగమంతా మళ్లీ నడిపేవి. నిన్న కలుపుకున్న శ్రుతిని గుర్తుపెట్టుకుని నేడు వాడుకునే ఏర్పాటు, బోర్డును నిద్రలేపే ప్రోగ్రామైన బయాస్‌లో ఉంది. దాని పేరు ‘మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్’. మొదట్లో అది చాలా చోట్ల ఆఫ్‌లో ఉండేది. ఆన్ చేస్తే కొన్ని ర్యాములకు పడక నీలి తెరలు వచ్చేవి. తర్వాత వచ్చిన బయాస్ అప్‌డేట్లు చాలా మటుకు సర్దాయి. ఈ ఒక్క సెట్టింగ్‌తో ముప్ఫై నలభై సెకన్లు తగ్గిన సిస్టమ్‌లు ఎన్నో. ఆన్ చేశాక యంత్రం నడుమ నడుమ కుప్పకూలుతుంటే మాత్రం మొండికేయకుండా ఆఫ్ చేయడమే తెలివి. పది సెకన్ల కోసం రాసుకున్న కోడ్ పోగొట్టుకోవడం ఏం లాభం? ఇంటెల్ బోర్డులూ డీడీఆర్5తో మొదటిసారి ఇలాగే కాలయాపన చేస్తాయి గానీ, పాత ఫలితాన్ని గుర్తుంచుకునే అలవాటు వాటికి సాధారణంగా మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది.

ర్యామ్ విషయంలో ఇంకో మెలిక. రైజెన్ 7000కు రెండు ర్యాములు పెడితే ఏఎండీ హామీ ఇచ్చే వేగం 5200. నాలుగు పెడితే అదే హామీ 3600కు పడిపోతుంది. ‘ఇప్పుడు రెండు తీసుకోండి, డబ్బులున్నప్పుడు ఇంకో రెండు వేసుకోవచ్చు’ అనే సలహా డీడీఆర్3 కాలంలో బంగారం. డీడీఆర్5లో నాలుగు స్లాట్లూ నింపితే ట్రైనింగ్ సమయం పెరుగుతుంది, వేగం తగ్గుతుంది, ఒక్కోసారి సిస్టమ్ అసలు లేవనే లేవదు. పైగా 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు చుక్కలు చూపిస్తున్నాయి. ఏఐ డేటా సెంటర్లు చిప్పులన్నిటినీ ఊడ్చుకుపోతున్నాయి. హైదరాబాద్‌లో పెద్ద ఇంజినీరింగ్ కేంద్రం ఉన్న మైక్రాన్, ఇళ్లలో వాడే క్రూషియల్ బ్రాండు అమ్మకాల నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇంత ఖరీదులో వేరువేరు కంపెనీల ర్యాములు కలిపి పెట్టాలన్న ఆశ సహజమే. ఆ ఆశే కొత్త సిస్టమ్‌ను ఎక్కువగా మొరాయింపజేసేది.

ఆలస్యం ఎవరిది?

విచిత్రమేమిటంటే, సర్వర్ అర సెకను ఆలస్యమైతే అర్ధరాత్రి లేచి లాగ్‌లు తిరగేసే ఇంజినీరు, సొంత సిస్టమ్ నిమిషం ఆలస్యమైతే కొలవకుండానే కొత్త ఎస్‌ఎస్‌డీకి ఆర్డర్ పెట్టేస్తాడు. కొలత చేతిలోనే ఉంది. విండోస్ టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ పేజీ తెరిస్తే పైన కుడివైపు ‘లాస్ట్ బయాస్ టైమ్’ అని ఒక అంకె కనిపిస్తుంది. బటన్ నొక్కాక విండోస్ చేతికి పగ్గాలు వచ్చేదాకా బోర్డు తీసుకున్న సమయం అది. పది, పదిహేను సెకన్లయితే బోర్డు మీద నింద వేయక్కర్లేదు. యాభై అయితే విండోస్ మీద వేయక్కర్లేదు. లినక్స్ వాడేవాళ్లకు ‘సిస్టమ్‌డీ-అనలైజ్’ అనే కమాండ్ ఇంకా వివరంగా బోర్డుకెంత, లోడరుకెంత, కెర్నెల్‌కెంత, తర్వాతి సేవలకెంత అని పద్దు విప్పి చూపిస్తుంది. తెరే రాకపోతే బోర్డు అంచున చూడాలి. ఈమధ్య చాలా బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది వెలిగి ఆగిపోయిందో అక్కడే పని నిలిచింది. డీర్యామ్ లైటు నిమిషాల తరబడి వెలుగుతుంటే అది ట్రైనింగే అయ్యుండే అవకాశం ఎక్కువ.

ఈ నిరీక్షణ నగరానికి కొత్తది కాదు. ఏ.ఎస్.రావు సారథ్యంలో 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్, 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను బయటికి తెచ్చింది. ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో రూపకల్పన జరిగిన దేశీ యంత్రం అది. ఆ తరం మినీ కంప్యూటర్లను నిద్రలేపడం ఒక్క బటన్‌తో తెమిలే పని కాదు. ముందు ప్యానెల్ మీది మీటలను పైకీ కిందికీ వేస్తూ మొదటి కొన్ని ఆదేశాలను ఆపరేటర్ చేత్తో ఎక్కించాలి, ఆ ఆదేశాలు కాగితపు టేపును చదివి మిగతా ప్రోగ్రామును లోపలికి లాక్కోవాలి. ఒక మీట తప్పు పడితే మళ్లీ మొదటికి. 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ ఆ మీటలను ఒక చిప్పులో పెట్టేసింది. అదే బయాస్. ఆన్ చేయగానే తన కాళ్లూ చేతులూ ఉన్నాయో లేదో తడిమి చూసుకునే అలవాటు అక్కడి నుంచి వచ్చింది. ర్యామ్ ఎక్కువ పెట్టించుకున్నవాడు ఎక్కువసేపు కాచుకోవడం అప్పుడూ ఉంది. 2005లో ఏర్పడిన యూఈఎఫ్ఐ ఫోరం ఆ పాత బయాస్ స్థానంలో కొత్త ప్రమాణాన్ని తెచ్చినా, మన నోట ఇప్పటికీ బయాసే.

కొత్త సిస్టమ్‌ను నెమ్మదింపజేసే కారణాల్లో ర్యామ్ తర్వాతి స్థానం పాత హార్డ్ డిస్కుది. పెళ్లి ఫొటోలు, ఇంజినీరింగ్ నాటి సినిమాలు ఉన్నాయని పాత సిస్టమ్‌లోంచి ఊడదీసి కొత్తదాన్లో పెడతారు. అది గిరగిరా తిరిగి వేగం అందుకునేదాకా బోర్డు ఆగుతుంది. ముసలిదై చదవలేక తడబడుతుంటే ఇంకా ఆగుతుంది. అసలు తిరకాసు వేరే ఉంది. కొత్త ఎస్‌ఎస్‌డీ, పాత డిస్కు రెండూ తగిలించి విండోస్ ఎక్కిస్తే, విండోస్ కొత్తదాన్లో కూర్చున్నా దాన్ని లేపే చిన్న ఫైళ్లు పాత డిస్కు మీదికి పోవచ్చు. రెండేళ్ల తర్వాత పాత డిస్కు చచ్చిపోతే, ఎస్‌ఎస్‌డీ నిక్షేపంగా ఉన్నా సిస్టమ్ లేవదు. విండోస్ ఎక్కించేటప్పుడు కొత్త ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచి మిగతావన్నీ పీకేయడం ఓ పెద్ద విద్యేమీ కాదు. షాపులో హడావిడిగా తేల్చేసే చోట దాన్నే మర్చిపోతారు. నెట్‌వర్క్ నుంచి బూట్ అయ్యే ఆప్షన్ ఆన్‌లో ఉండి, వరుసలో ముందుండటం కూడా అంతే. లేని సర్వర్ కోసం బోర్డు పిలిచి పిలిచి అలసిపోయాకే పక్కనున్న ఎస్‌ఎస్‌డీ వైపు చూస్తుంది.

షట్‌డౌన్ కాని షట్‌డౌన్

విండోస్ వంతు వచ్చేసరికి కథలో కొంచెం కనికట్టు ఉంది. 2012లో విండోస్ 8తో మైక్రోసాఫ్ట్ ‘ఫాస్ట్ స్టార్టప్’ తెచ్చింది. షట్‌డౌన్ కొట్టినప్పుడు మనం తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, కెర్నెల్ అనే మూల భాగం పూర్తిగా మూతపడదు. తన స్థితిని ఒక ఫైలులో రాసిపెట్టుకుని, మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. అందుకే రోజూ రాత్రి ఆపేసే సిస్టమ్‌లో కూడా టాస్క్ మేనేజర్ తెరిస్తే ‘అప్ టైమ్’ పన్నెండు రోజులని చూపించొచ్చు. రీస్టార్ట్ కొడితేనే నిజంగా మొదటి నుంచి మొదలవుతుంది. ‘రీస్టార్ట్ చేస్తే ఎక్కువ టైమ్ పడుతోంది, షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే తొందరగా వస్తోంది’ అని అబ్బురపడేవాళ్లకు సమాధానం ఇదే. పాత డ్రైవర్ల చిక్కుముడులూ ఆ ఫైలులోనే పడుకుని లేస్తాయి కాబట్టి, కొత్త సిస్టమ్ మొదటి వారంలో దీన్ని ఆఫ్ చేసి చూడటం మంచిది. ఎస్‌ఎస్‌డీ ఉన్న యంత్రంలో తేడా పెద్దగా తెలియదు కూడా.

డెస్క్‌టాప్ కనిపించాక పట్టే ఆలస్యం మనం చేతులారా తెచ్చుకున్నదే. చాట్ యాప్, క్లౌడ్ స్టోరేజీ, గేమ్ స్టోరు, ర్యామ్ మీద రంగులు మార్చే సాఫ్ట్‌వేర్, కీబోర్డు రంగులు మార్చే మరో సాఫ్ట్‌వేర్... పొద్దున్నే అన్నీ ఒక్కసారి లేచి వాకిట్లో నిలబడతాయి. వాటిలో చాలావరకు నిర్దయగా ఆపేయొచ్చు. భద్రతా సాఫ్ట్‌వేర్ ఒక్కటే వేరే జాతి. దాన్ని అందరికన్నా ముందు లేవమని మనమే పురమాయిస్తాం. ఆ ముందు లేచేవాడు తప్పటడుగు వేస్తే ఏమవుతుందో 2024 జులై 19న ప్రపంచం చూసింది. భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. లేవడం, నీలి తెర, మళ్లీ లేవడం, మళ్లీ నీలి తెర. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. విరుగుడుగా చాలా చోట్ల ఒక్కో యంత్రం దగ్గరికీ మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో లేపి, ఒక ఫైలు తీసేయాల్సి వచ్చింది.

నిరీక్షణకు ఖరీదు కట్టిన సందర్భాలూ ఉన్నాయి. 1983లో మాకింటాష్ తయారవుతున్నప్పుడు, అది లేవడానికి పట్టే సమయంలో పది సెకన్లు తగ్గించమని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టారు. యాభై లక్షల మంది రోజూ వాడితే ఎన్ని జీవితకాలాలు మిగులుతాయో లెక్క చెప్పి మరీ ఒప్పించారని ఆ బృందంలోని ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ తర్వాత రాశారు. అదే లెక్క మన దగ్గర వేస్తే? తెలంగాణ ప్రభుత్వ నివేదిక ప్రకారం 2022-23 నాటికి రాష్ట్రంలో ఐటీ ఉద్యోగులు 9 లక్షల పైచిలుకు. ఒక్కొక్కరికి రోజుకు అర నిమిషం పోతే మొత్తం 7,500 గంటలు. వాళ్లలో ఎక్కువమంది ల్యాప్‌టాప్ మూత తెరిచి మూసేవాళ్లే కాబట్టి ఈ అంకెను మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు.

కోర్టులు మాత్రం ఈ నిమిషాలను నవ్వి వదిలేయలేదు. లాస్ వెగాస్‌లోని కస్టమర్ కనెక్స్ అనే కాల్ సెంటర్ ఉద్యోగులు, పాత కంప్యూటర్లు లేచేదాకా తాము కాచుకున్న సమయానికీ జీతం కావాలని దావా వేశారు. రోజూ సగటున ఏడు నుంచి పన్నెండు నిమిషాలు పోతున్నాయని వాళ్ల తరఫు నిపుణుడి లెక్క. 2022 అక్టోబరులో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు వాళ్ల వాదనతో ఏకీభవించింది. కంప్యూటర్ లేకుండా ఆ ఉద్యోగమే లేదు కాబట్టి, దాన్ని ఆన్ చేయడమూ ఉద్యోగంలో భాగమేనంది. రాత్రి షిఫ్టు క్యాబులు బారులు తీరే గచ్చిబౌలి రోడ్ల మీద కూడా ఈ తీర్పు గురించి కాస్త మాట్లాడుకోవచ్చు.

మళ్లీ ఇంట్లోని సిస్టమ్ దగ్గరికొస్తే, చేయాల్సిన మొదటి పని డబ్బు ఖర్చు లేనిది. బయాస్ అప్‌డేట్. బోర్డు ఫ్యాక్టరీలో పెట్టెలోకి వెళ్లిన నాటి బయాసే చాలాసార్లు అలాగే ఇంటికి వస్తుంది. అప్‌డేట్లు వేగం కోసమే కాదు. 2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000ఎక్స్3డీ చిప్పులు బోర్డు మీదే కాలిపోయినప్పుడు, ప్రాసెసర్‌కు అందే ఎస్‌ఓసీ వోల్టేజీని 1.3 వోల్టులకు కట్టడి చేసింది కూడా బయాస్ అప్‌డేటే. అది ఎక్కుతుండగా కరెంటు పోతే బోర్డు మూగబోయే ప్రమాదం ఉంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఈదురుగాలి లేచిందంటే హైదరాబాద్‌లో ఏ వీధికి ఎప్పుడు కరెంటు పోతుందో తెలియదు కాబట్టి, యూపీఎస్ లేకుండా ఆ సమయంలో ఈ పని పెట్టుకోకూడదు. అప్‌డేట్ తర్వాత పాత సెట్టింగులన్నీ చెరిగిపోతాయి, ట్రైనింగ్ మళ్లీ జరుగుతుంది. ఆ ఒక్కసారికి నల్ల తెరను ఓర్చుకోవాల్సిందే. ఇదంతా నిజానికి షాపులోనే జరగాలి. స్క్రూలు బిగించి, కేబుళ్లు చక్కగా కట్టి, ఫొటో తీసి పంపే షాపులు ఆ పావుగంట కూడా వెచ్చించి, బయాస్ సరిచేసి, రెండుసార్లు ఆపి ఆన్ చేసి చూపిస్తే సగం ఫోన్లు తగ్గుతాయి. కొనేవాడు డబ్బు లెక్కపెట్టే ముందే ఆ మాట అడగాలి.

ఇవన్నీ చేసినా కొన్నాళ్లకు మళ్లీ మొదటిరోజు లాగే ఆలస్యమవుతూ, గడియారం ఏ పాత సంవత్సరమో చూపిస్తుంటే అనుమానించాల్సింది బోర్డు మీదున్న బిళ్ల బ్యాటరీని. సీఆర్2032 రకం. పడుకోబోయే ముందు గోడ స్విచ్ కూడా ఆపేయడం మన ఇళ్లలో అలవాటు. స్విచ్ ఆపితే బోర్డుకు కరెంటు పూర్తిగా అందదు. ఆ రాత్రంతా గడియారాన్ని నడిపేది ఈ బిళ్లే, చాలా బోర్డుల్లో సెట్టింగులు నిలిచేదీ దాని చలవతోనే. గోదాములో ఏళ్ల తరబడి పడి ఉన్న బోర్డులో అది నీరసించి ఉండొచ్చు. కారు రిమోట్ తాళాల్లో వేసేదీ చాలాసార్లు ఈ రకమే. సీటీసీ దాకా పోనక్కర్లేదు, వాచీలు బాగుచేసే కొట్టులో దొరుకుతుంది.